ఎవరు ఊరుకున్నారు? - వెట్టి చరిత్రలో మనస్సాక్షి, హక్కు

మన ప్రజలకు చలనం లేదనే మాట ఎంత పాతదో అంత చవకైనది. బియ్యం ధర పెరిగినా, పక్క వీధిలో మనిషిని కొట్టినా, ఎన్నికల్లో దగా జరిగినా మధ్యతరగతి విద్యావంతుడు ఒక నిట్టూర్పు విడిచి ఈ మాట అంటాడు. అలా అనడంలో ఒక సౌకర్యం వున్నది. ప్రజలకు చలనం లేదని తేల్చివేసిన తర్వాత తనకు చలనం వున్నదా లేదా అన్న ప్రశ్న మరి పుట్టదు.

ఈ మాట నేను కూడా అన్నాను, అదీ తరగతి గదిలో. వట్టికోట ఆళ్వారుస్వామి నవల 'ప్రజల మనిషి' పాఠం చెబుతూండగా ఒక విద్యార్థిని లేచి అడిగింది: "ఊరంతా ఒకవైపు, దొర ఒక్కడు ఒకవైపు. అన్నేళ్ళు ఎందుకు ఊరుకున్నారు సార్?" నేను తడుముకోకుండా, "చైతన్యం లేకనమ్మా" అన్నాను. ఆ అమ్మాయి రాసుకొని కూర్చుంది. ఆమె అంత సులభంగా రాసుకొన్న తీరు నన్ను చాలా రోజులు బాధించింది. చైతన్యం లేక ఊరుకున్నారు, చైతన్యం వచ్చి లేచారు అంటే అది కారణం చెప్పడం కాదు, జరిగినదానికి మరో పేరు పెట్టడం. ఆ జవాబును సరిచేసుకొనే ప్రయత్నమే ఈ వ్యాసం.

నిజాం రాజ్యంలో వెట్టి అంటే ఏమిటో పాఠకులకు కొత్తగా చెప్పనవసరం లేదు గాని, దాని అల్లిక ఎంత దట్టమైనదో మరచిపోతూ వుంటాం. కుమ్మరి కుండలివ్వాలి, చాకలి బట్టలుతకాలి, మాదిగ మోటకు తోలు కుట్టివ్వాలి, బేగారి అధికారుల మూటలు మోయాలి, కబుర్లు చేరవేయాలి. గొల్ల గొర్రెనూ, గీతగాడు కల్లునూ, సాలెవాడు బట్టనూ సమర్పించుకోవాలి. రైతు తన పొలానికి నీరు పెట్టే ముందు దొర పొలానికి పెట్టాలి. దొరగారి కూతురు అత్తవారింటికి పోయేటప్పుడు ఆమె వెంట మరొకరి కూతురు 'ఆడబాప'గా పోవాలి. చివరకు కోమటికి కూడా తప్పించుకొనే దారి లేదు. దౌరాకు వచ్చిన అధికారి మకాంలో వున్నన్నాళ్ళూ బియ్యం, పప్పు, నెయ్యి అంగడి నుంచి పోవలసిందే. దీనిలో గమనించవలసిన విషయం ఒకటున్నది. ఏ కులానికి విధించిన వెట్టి ఆ కులానిది. చాకలి బాధ కుమ్మరికి కుమ్మరి బాధగా కనిపించదు. ఊరంతా ఒకవైపు అని నా విద్యార్థిని అన్నది గాని, నిజానికి ఊరు ఒకవైపు లేదు. పదిహేను ముక్కలై వుంది. ప్రతి ముక్కా విడివిడిగా గడీ ముందు నిలబడి వుంది.

గడీకి ఆ బలం ఎక్కడిది? మొదటి సాలార్ జంగు దివానుగా వున్న కాలంలో శిస్తు వసూలును గుత్తలకిచ్చే పద్ధతి పోయి, ప్రభుత్వోద్యోగులే వసూలు చేసే పద్ధతి వచ్చింది. చేతిలో పని పోయినా దేశముఖుల ఆదాయం పోలేదు. పరిహారంగా వారికి రుసుములు ఏర్పడ్డాయి. భూముల సర్వే, బందోబస్తు జరిగినప్పుడు కాగితం ఎవరి చేతిలో వుంటే మంచి భూమి వారి పేర పడింది. పుచ్చలపల్లి సుందరయ్యగారు ఇచ్చిన లెక్క ప్రకారం జనగామ తాలూకాలో విసునూరు దేశముఖుకు 40 గ్రామాల్లో 40,000 ఎకరాలున్నాయి.

తెలుగు చెప్పుకొని బతికేవాణ్ణి గనుక ఇక్కడ ఒక మాట గురించి ఆగుతాను. 'హక్కు' అన్న పదం మనకు అరబ్బీ నుంచి పారసీ, ఉర్దూల మీదుగా దఫ్తరు కాగితాల వెంట వచ్చింది. దేశముఖుకు, దేశపాండ్యాకు వంశపారంపర్యంగా ముట్టవలసిన ఆదాయాన్ని హక్కులు, రుసుములు అనేవారు. అంటే మన పల్లెల్లో ఈ పదం మొదట దొర పక్షాన వినబడింది. చాకలికి హక్కు లేదు, దొరకు చాకలి మీద హక్కు వున్నది. ఈనాడు మనం ప్రజల హక్కులని ఇంత తేలికగా అంటున్నామంటే, ఆ పదం గడీ గేటు దాటి చాకలివాడకు నడిచి వచ్చిందన్నమాట. దారిలో ఎంతమంది చనిపోయారో నిఘంటువు చెప్పదు.

ఇక అసలు విచిత్రం. ఆ రోజుల్లో వెట్టిని అదుపు చేసే ప్రభుత్వపు ఉత్తర్వులు లేకపోలేదు. గస్తీలు - అంటే సర్క్యులర్లు - వెలువడుతూనే వున్నాయి. పని చేయించుకొంటే కూలి ఇవ్వాలి, సరుకు తీసుకొంటే ధర చెల్లించాలి అని కాగితం మీద వున్నది. ఆ కాగితం ఉర్దూలో వున్నది. దఫ్తరులో వున్నది. ఆ గస్తీని అమలు జరపవలసిన వారిలోనే వెట్టి చేయించుకొనేవారున్నారు. మోసే కూలికి తెలుగు అక్షరమే రాదు, ఉర్దూ ఎక్కడ? హక్కు వున్నది గాని, హక్కుదారుకు ఆ సంగతి తెలియదు. ఇటువంటి స్థితిలో అతని మౌనాన్ని ఉదాసీనత అనడం అన్యాయం.

మౌనానికి మరొక కాపలా కూడా వున్నది. గస్తీ నిషాన్ 53 అని పేరుపడ్డ ఉత్తర్వు. బహిరంగసభ జరపాలంటే ముందుగా ప్రభుత్వానుమతి పొందాలని దాని సారాంశం. ఖాన్గీ పాఠశాలల మీద, అంటే ప్రైవేటు బడుల మీద, అటువంటి ఆంక్షలే వుండేవి. పదిమంది కూడి మాట్లాడుకోరాదు, పిల్లలు స్వభాషలో చదువుకోవడానికి అనుమతి కావాలి. ఇంత కట్టుదిట్టం చేసి, ఆపైన ఈ జనానికి రాజకీయ స్పృహ లేదని అధికారులే అనడం ఎలా వున్నదంటే, కాళ్ళు కట్టివేసి నడక రాదని వెక్కిరించినట్టున్నది.

అయితే తెలంగాణలో మొదట కదిలిన మనస్సాక్షి కూలివాడి కోసం కదలలేదని ఒప్పుకోవాలి. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినిలో కర్వే మహాశయుని అధ్యక్షతన సంఘ సంస్కరణ సభ జరిగింది. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసాలు సాగినవి. అల్లంపల్లి వెంకటరామారావు వకీలు తెలుగులో మాట్లాడబోతే గోలచేసి కూర్చోబెట్టారు. ఆ అవమానంతో కొద్దిమంది తెలుగువారు విడిగా కూడి ఆంధ్ర జనసంఘం స్థాపించుకొన్నారు. వకీలుకు జరిగిన అవమానంతో సంఘం పుట్టింది. బేగారికి రోజూ జరిగే అవమానంతో పుట్టలేదు. దీన్ని ఎత్తిచూపి ఆ పెద్దలను తక్కువ చేయడం నా వుద్దేశం కాదు. మనిషికి అన్యాయం మొదట తన ఒంటి మీదనే తెలుస్తుంది. అక్కడే ఆగిపోయాడా, దాటి ముందుకు పోయాడా అన్నదే చూడవలసింది.

మాడపాటి హనుమంతరావుగారు, ఆయన మిత్రులు ఆగిపోలేదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయంతోను, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్రభాషా నిలయంతోను మొదలైన గ్రంథాలయోద్యమం అప్పటికే వారికొక దారి వేసి వుంచింది. సభలకు అనుమతి లేకపోయినా పుస్తకం చదువుకోవచ్చు. జనసంఘం వారు చేసిన పనుల్లో నాకు అన్నిటికంటె గొప్పగా తోచేది చాలా చిన్న పని. వెట్టికి సంబంధించిన విషయాలను తెలుగులో చిన్న పుస్తకాలుగా అచ్చువేసి పంచారు. అందులో కవిత్వం లేదు, ఆవేశం లేదు. ఏ పనికి ఏమి ఇవ్వాలో, ఎవరు ఎవరిని బలవంతపెట్టరాదో వున్నది. మన సాహిత్య చరిత్రల్లో ఈ పుస్తకాలకు చోటు లేదు. నేను పదేళ్ళుగా పాఠం చెబుతున్నాను. ఆధునిక తెలుగు వచనంలో ప్రజాజీవితాన్ని మార్చిన రచనల పట్టికలో వీటిని ఎన్నడూ చేర్చలేదు. తప్పు నాదే.

ఆ పుస్తకాల వల్ల మొదట ఎవరు లాభపడ్డారు? వర్తకులు. వారికి చదువు వచ్చు, లెక్క తెలుసు, పట్నంతో సంబంధం వున్నది. ధర ఇవ్వనిదే సరుకు ఇవ్వనవసరం లేదని అచ్చులో చూసుకొన్నాక సంఘాలు పెట్టుకొని, ఇవ్వమని చెప్పగలిగారు. అదే ఉత్తర్వు బేగారికీ వర్తిస్తుంది, కాని అతడు చెప్పలేకపోయాడు. చెప్పిన మరునాడు అతడికి గుడిసె వుండదు. ఒకే హక్కు ఇద్దరి చేతిలో రెండు రకాలుగా పనిచేసింది. చేతికింద కాస్త ఆస్తి వున్నవాడికి తెలియడమే చాలింది. ఏమీ లేనివాడికి తెలిసినా చాలలేదు.

1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. రాజకీయాల జోలికి పోరాదన్న కట్టుబాట్లతో, సర్కారు అనుమతితో జరిగిన సభ అది. దానితోపాటే నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతన మహిళాసభ జరిగింది. అంటరానితనం ప్రసక్తి వచ్చి భాగ్యరెడ్డివర్మ లేచేసరికి సనాతనులు అభ్యంతరం చెప్పారు. గస్తీ నిషాన్ 53ను తప్పుబట్టిన నోళ్ళలోనే కొన్ని, సభలో ఒక మాల నాయకుడి నోరు మూయబోయాయి. తన సభాహక్కు కోసం ప్రభుత్వాన్ని నిలదీసినవాడికి, తన సభలో ఇంకొకడి హక్కు కనబడలేదు. అయినా ఆ వేదిక మీదనుంచి ఆ మాట వినబడిందన్నది కూడా చరిత్రే.

ఆ తర్వాత పదేళ్ళ పాటు మహాసభలో తీర్మానాలు చేస్తూనే వచ్చారు. వినతిపత్రాలు, నివేదికలు, వకీళ్ళ భాష. వాటిని ఇక్కడ వరుసగా ఏకరువు పెట్టనవసరం లేదు. మార్పు వచ్చింది 1944 భువనగిరి సభలో. రావి నారాయణరెడ్డిగారు అధ్యక్షులు. సభ్యత్వ రుసుము రూపాయి నుంచి నాలుగణాలకు దిగింది. రూపాయి నుంచి నాలుగణాలు - మన సాహిత్య విమర్శకులు దీన్ని లెక్కల వ్యవహారం అనుకొంటారు. కాని చాకలి, గొల్ల, కుమ్మరి, కూలిరైతు ఒకే పుస్తకంలో పేర్లు రాయించుకొన్నది ఆ నాలుగణాల వల్లనే. ముక్కలై నిలబడ్డ ఊరు మొదటిసారి ఒకే రసీదు పుస్తకంలో పక్కపక్కన చేరింది. మహాసభ అన్న పెద్ద పేరు పల్లె నోట నలిగి 'సంగం' అయింది.

దీని అర్థమేమిటో చెప్పడానికి ఒకే తాలూకాలో, ఒకే దేశముఖుకు ఎదురు నిలిచిన ఇద్దరిని పక్కపక్కన పెట్టి చూడాలి.

షేక్ బందగీది కామారెడ్డిగూడెం. చిన్న రైతు. తన భూమి కోసం విసునూరు దేశముఖు మీద ఏళ్ళ తరబడి కోర్టుకెక్కాడు. కోర్టుల్లో న్యాయం దొరకదనే మాట ఇక్కడ చెల్లదు. న్యాయం దొరికింది, బందగీ గెలిచాడు. గెలిచినవాణ్ణి 1940ల తొలినాళ్ళలో దారికాచి చంపివేశారు. హక్కు సంపూర్ణంగా అతడి పక్షాన వున్నది. ధైర్యానికి లోటు లేదు. ఆ దారిలో నడుస్తున్నప్పుడు మాత్రం అతడు ఒంటరి. ఊళ్ళో అతడి గెలుపుకు లోలోపల సంతోషించినవారు ఎందరో వుండి వుండాలి. లోలోపలి సంతోషం అతడికి కాపలా కాయలేదు.

చిట్యాల ఐలమ్మది పాలకుర్తి. చాకలి కులం. కౌలుకు భూమి చేసుకొని పంట పండించింది. అదే విసునూరు దేశముఖు ఆ పంట మీద కన్నువేశాడు. కేసులు పెట్టించాడు, అవి నిలువలేదు. పంటను కోసుకుపోవడానికి మనుషులను పంపాడు. ఇంతవరకు బందగీ కథే. తేడా ఎక్కడంటే ఐలమ్మ పొలంలో ఆనాడు సంగం కార్యకర్తలున్నారు. భీమిరెడ్డి నరసింహారెడ్డి ప్రభృతులు నిలబడి వుండగా పంట కోసి, ధాన్యం ఐలమ్మ ఇంటికి చేర్చారు. తర్వాత ఆ కుటుంబం పడ్డ బాధలు తక్కువేమీ కావు. ధాన్యం మాత్రం గడీకి పోలేదు.

బందగీ ధైర్యవంతుడు, ఐలమ్మ ధైర్యవంతురాలు. ధైర్యంలో ఎక్కువ తక్కువలు లేవు. చట్టం ఇద్దరి పక్షానా వున్నది. ఒకరు దారిలో పడిపోయారు, మరొకరు పంట ఇంటికి తెచ్చుకొన్నారు. మధ్యలో జరిగింది నాలుగణాల సభ్యత్వం, అది తెచ్చిన మనుషులు. మనస్సాక్షి అన్న సమాసంలో సాక్షి అన్న మాట వున్నది. సాక్షి అంటే చూసినవాడు మాత్రమే కాదు, వచ్చి పదిమంది ముందు చెప్పేవాడు. బందగీ వూరిలో అందరికీ మనసులున్నాయి, సాక్షులు లేరు.

పాలకుర్తికి దగ్గరలోనే కడవెండి. 1946 జూలై 4న అక్కడ సంగం వూరేగింపు మీద గడీ వైపు నుంచి కాల్పులు జరిగి దొడ్డి కొమరయ్య మరణించాడు. బందగీ చనిపోయినప్పుడు ఊరు తలుపులు వేసుకొన్నది. కొమరయ్య చనిపోయినప్పుడు జనం గడీని చుట్టుముట్టారు. మధ్య దూరం అయిదారు సంవత్సరాలు. ఆ అయిదారేళ్ళలో తెలంగాణ మనిషి రక్తం మారలేదు, స్వభావం మారలేదు. 'నీ బాంచన్, కాల్మొక్త' అన్నవాడే నిలబడ్డాడు. కాబట్టి ఆ మాట అతడి స్వభావం కాదని, అతడి పరిస్థితి నేర్పిన భాష అని తెలుసుకోవాలి. ఈనాటి సినిమాల్లో హాస్యం కోసం ఆ మాట వాడినప్పుడు నాకు నవ్వు రాదు.

ఆ తర్వాతి కథ - రజాకార్లు, 1948 సెప్టెంబరు సైనిక చర్య, 1951లో పోరాట విరమణ - అందరూ రాసినదే. ఒక్క సంగతి మాత్రం దాటవేయలేను. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' ప్రచురించింది. పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ నోటితో చెప్పిన జ్ఞాపకాలు. తుపాకి పట్టినప్పుడు సమానురాలైన స్త్రీ, పోరాటం ఆగగానే ఇంటికి పోయి వంట చూసుకోవలసిందైన వైనం అందులో వున్నది. అభ్యుదయవాదులమైన మనం ఆ పుస్తకాన్ని మెచ్చుకొన్నాం గాని, దాని ముందు తలవంచుకోలేదనిపిస్తుంది. జోగిపేట సనాతనులను నిందించినంత తేలిక కాదు గదా అది.

1950 రాజ్యాంగం 23వ అధికరణంలో వెట్టిని, నిర్బంధ శ్రమను నిషేధించింది. దఫ్తరు గస్తీకంటె ఇది ఎంతో పెద్ద కాగితం. అయినా వెట్టి పేర్లు మార్చుకొన్నది. అప్పు కింద జీతగాడై తరాల తరబడి పనిచేయడం పలు జిల్లాల్లో కనిపించేది. దానిని రద్దుచేస్తూ ప్రత్యేకమైన చట్టం 1976లో గాని రాలేదు. ఎప్పుడు వచ్చిందో చూడండి - అత్యవసర పరిస్థితిలో. పౌరుల ప్రాథమిక హక్కులు కోర్టుకెక్కడానికి వీలులేకుండా నిలిపివేసి, రచయితలను జైళ్ళలో పెట్టిన కాలంలోనే జీతగాళ్ళకు విముక్తి ప్రకటించారు. మాట్లాడే హక్కు లేని దేశంలో, విముక్తుడైన జీతగాడు తన విముక్తి అమలు కాలేదని ఎవరికి చెప్పుకోవాలి? గస్తీ నిషాన్ 53 వెనక్కి వచ్చినట్టే వుంది. ఎస్.ఆర్. శంకరన్‌గారి వంటి అధికారులు కొందరు ఆ చట్టాన్ని పల్లెలదాకా తీసుకుపోయి మనుషులను విడిపించారు. అదీ నిజమే. అటువంటి అధికారులను వేళ్ళ మీద లెక్కపెట్టుకోవలసి రావడమూ నిజమే.

1982లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒకటి ఈ చరిత్రలో పెద్ద మలుపు. ఢిల్లీలో ఏషియన్ క్రీడల కోసం కట్టడాలు కడుతున్న కూలీలకు కనీస వేతనం ముట్టడం లేదని పౌరహక్కుల సంఘంవారు జస్టిస్ భగవతికి ఒక ఉత్తరం రాశారు. ఆ ఉత్తరాన్నే అర్జీగా స్వీకరించారు. కనీస వేతనానికి తక్కువ ఇచ్చి పనిచేయించుకోవడం 23వ అధికరణం నిషేధించిన నిర్బంధ శ్రమే అని తీర్పు చెప్పారు. కొరడా పట్టి చేయించినదే బలవంతం కాదు, ఆకలి చేయించినదీ బలవంతమే అన్నారు. అంటే కూలి ఒప్పుకొన్నాడు గదా, ఊరుకున్నాడు గదా అన్న పాత సమర్థనకు న్యాయస్థానంలో చోటు పోయింది. మళ్ళీ ఉత్తరం రాసింది కూలి కాదు, అతడి కోసం నలుగురు కూడినవారు. ఆ ఉత్తరం లేకపోతే ఆ అధికరణం అలాగే పుస్తకంలో వుండేది.

ఇదంతా చదువుకొని, విద్యార్థినికి సరైన జవాబు చెప్పాలని సిద్ధపడి ఒకనాడు కాలేజీకి పోయాను. వరండా వూడుస్తున్న మనిషిని అంతకుముందు వందసార్లు చూసి వుంటాను. కాంట్రాక్టరు కింద పనిచేస్తున్నది. ఆనాడే మొదటిసారి జీతం ఎంత వస్తున్నదని అడిగాను. చెప్పింది. నాలుగు నెలలది రాలేదని కూడా చెప్పింది. వచ్చినప్పుడు కాంట్రాక్టరు కొంత పట్టుకొంటాడట. కనీస వేతనానికి అది సగం కూడా లేదు. తీర్పు చదివిన నా బుర్రలో లెక్క వెంటనే తేలింది. మరి అడగలేదా అన్నాను.

"అడిగితే ఉన్న పని పోతది సారూ. మీరు అడుగుతరా?" అన్నది.

అధ్యాపకుల గదిలో ఈ సంగతి కదిపాను. ఒకాయన పాపమన్నాడు. ఒకాయన ఇది మన పరిధిలోకి రాదన్నాడు. వీళ్ళకు అడిగే చైతన్యమే లేదండీ అని ఇంకొకరు. ఆమెకు అడిగితే ఏమవుతుందో తెలుసు గనుకనే అడగలేదని నేను అనవలసింది. అప్పుడు అనలేదు. వారం తర్వాత ప్రిన్సిపాలుకు ఇవ్వడానికి ఒక ఉత్తరం తయారైంది. రాసినవారు లెక్కల శాఖలో తాత్కాలికోద్యోగి అయిన ఒక యువతి. తన వుద్యోగానికే భరోసా లేని మనిషి. ఇరవైమూడుమందిలో తొమ్మిదిమంది సంతకాలు చేశాం. నాది ఆరవది. మొదటి అయిదు పడేదాకా కలం తీయలేదు.

విద్యార్థిని ప్రశ్నకు జవాబు ఇంకా చెప్పలేదు. వచ్చే వారం ఆ పాఠం మళ్ళీ వున్నది. ఉత్తరానికి ప్రిన్సిపాలు నుంచి ఇంతవరకు సమాధానం రాలేదు.